ష్రోడింగర్ ఆపరేటర్ హార్డీ స్పేస్: ఇంటిగ్రల్ సున్నా షరతు ఎందుకు సడలుతుంది?

కొరిటెపాడు:

అందరికీ నమస్కారం. గుంటూరులో ఇంటర్ సెకండియర్ పిల్లలకు మ్యాథ్స్ చెబుతాను. హార్మోనిక్ అనాలిసిస్‌లో పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. కాలేజీలో స్టడీ అవర్స్ అయ్యి ఇంటికొచ్చి, వంట, పాప హోంవర్క్ అయ్యాక నాకు దొరికేది రాత్రి వేళే. అందుకే అడగాల్సింది సూటిగా అడుగుతున్నాను.

మామూలు హార్డీ స్పేస్ హెచ్1 అంటే ఇంటిగ్రబుల్ ప్రమేయాల్లో ఒక ప్రత్యేక సమూహం, దానికి ఇటుకల్లాంటివి ఆటమ్‌లు. ఆటమ్‌కి మూడు షరతులు. ఒక బంతి దాటి బయట సున్నాగా ఉండాలి. ఎత్తు ఆ బంతి ఘనపరిమాణానికి విలోమం దాటకూడదు. ఇంటిగ్రల్ సున్నా కావాలి. ఈ ఆటమ్‌లను కూడుకుంటూ పోతే హెచ్1 మొత్తం వస్తుందని ఒక డైమెన్షన్‌లో కాయిఫ్‌మన్ 1974 లో, పై డైమెన్షన్లలో ల్యాటర్ 1978 లో చూపించారు. ఇంతవరకూ నాకు బాగానే అర్థమైంది.

ఇప్పుడు మా గైడ్ గారు జుబాన్‌స్కి, జెన్‌కెవిచ్ 1999 లో రాసిన పేపర్ చదవమన్నారు. మైనస్ లాప్లాసియన్‌కి (రెండో అవకలనాల మొత్తానికి) వి అనే పొటెన్షియల్ కలుపుతారు, అదే ష్రోడింగర్ ఆపరేటర్. వి రుణాత్మకం కాదు, రివర్స్ హోల్డర్ అసమానతను పాటిస్తుంది, అంటే ఏ బంతిలోనైనా వి ఘాతపు సగటు దాని మామూలు సగటుకు ఒక స్థిరాంకం రెట్లు దాటదు. ప్రతి బిందువు దగ్గర వి ని బట్టి 'రో' అని ఒక వ్యాసార్ధం వస్తుంది. బంతి వ్యాసార్ధం రోలో నాలుగో వంతు కంటే చిన్నదైతే ఇంటిగ్రల్ సున్నా కావాలి. నాలుగో వంతు నుంచి రో వరకు ఉన్న బంతులకు ఆ షరతే లేదు! అరండల్‌పేటలో ప్రింట్ తీయించుకుని లైన్ లైన్ చదివాను, ప్రతి అసమానతా చేత్తో సరిచూసుకున్నాను. ప్రూఫ్ నడుస్తోంది కానీ అసలు కారణం మాత్రం చేతికి చిక్కడం లేదు. ఇంటిగ్రల్ సున్నా లేకపోతే హెచ్1 ఎలా అవుతుంది? ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈమధ్య ఒక సెమినార్‌లో ఒక పెద్దాయన, ఆపరేటర్ మార్చుకుంటూ పోతే పాత థీరమ్‌కే కొత్త పేపర్లు వస్తూ ఉంటాయి, అందులో సరుకేమీ లేదు అన్నారు. ఆ మాట అప్పటి నుంచీ నన్ను వదలడం లేదు. నేను చేస్తున్న పనిలో నిజంగా కొత్త సంగతి ఉందో లేదో తెలిసినవాళ్లు చెప్పండి.

సత్యనారాయణపురం:

అమ్మా, నేను విజయవాడలో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. సెమినార్ సంగతి తర్వాత చూద్దాం. ముందు కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఇక్కడ ఫార్ములాలు సరిగా పడవు కాబట్టి మాటల్లోనే రాస్తున్నాను.

హార్డీ స్పేస్‌ని ఆటమ్ వైపు నుంచి కాకుండా వేడి వైపు నుంచి చూడండి. ఎఫ్ అనే ప్రమేయాన్ని మొదటి ఉష్ణోగ్రతగా పెట్టి, టీ కాలం తర్వాత ఎలా ఉందో చూస్తాం. ప్రతి బిందువు దగ్గర అన్ని టీలకూ వచ్చిన విలువల్లో గరిష్ఠం తీసుకుంటే అది మాక్సిమల్ ఫంక్షన్. దాని ఇంటిగ్రల్ పరిమితంగా ఉంటే ఎఫ్ హెచ్1 లో ఉన్నట్టు. ఫెఫర్మన్, స్టైన్ 1972 లో చేసి పెట్టిన పని ఇది. ఈ నిర్వచనంలో ఇంటిగ్రల్ సున్నా అన్న మాటే లేదు చూడండి. అది ఫలితంగా వస్తుంది.

ఎలా వస్తుందో ఒక డైమెన్షన్‌లో చూద్దాం. 0 నుంచి 1 వరకు విలువ 1, మిగతా చోట సున్నాగా ఉన్న ప్రమేయం తీసుకోండి. దూరంలో ఎక్స్ దగ్గర నిలబడితే వేడి గరిష్ఠంగా తాకేది టీ సుమారు ఎక్స్² లో సగం అయినప్పుడు. అప్పుడు విలువ దాదాపు 0.242 బై ఎక్స్. ఒకటి బై ఎక్స్‌ని అనంతం దాకా ఇంటిగ్రేట్ చేస్తే లాగ్ వచ్చి పేలిపోతుంది. అంటే ఈ ప్రమేయం హెచ్1 లో లేదు. ఇంటిగ్రల్ సున్నా చేస్తే ఆ మొదటి పదం కొట్టుకుపోయి ఒకటి బై ఎక్స్² మిగులుతుంది, ఇంటిగ్రల్ నిలబడుతుంది. ఆ షరతు పని అంతే, దూరంగా పోయే తోకను తెంపడం.

ఇప్పుడు వి పెట్టండి. వి అంటే ఆ చోట వేడి కారిపోయే వేగం. అన్నిటికంటే శుభ్రమైన ఉదాహరణ వి = ఎక్స్², అంటే హెర్మైట్ ఆపరేటర్. మొదటి ఉష్ణోగ్రత అంతటా 1 అని పెట్టి ఏమవుతుందో కనుక్కోండి. జవాబు ఏ(టీ) ఇంటూ ఈ పవర్ మైనస్ బీ(టీ) ఎక్స్² బై 2 రూపంలో ఉంటుందనుకుని సమీకరణంలో పెట్టండి. రెండు చిన్న అవకలన సమీకరణాలు వస్తాయి. బీ అవకలనం 2 ఇంటూ (1 − బీ²). ఏ అవకలనం మైనస్ ఏబీ. మీ సెకండియర్ పిల్లలు చేసేసే లెక్క ఇది. బీ = టాన్‌హెచ్ 2టీ, ఏ = కాష్ 2టీ వర్గమూలానికి విలోమం.

టీ = 1 పెట్టండి. మధ్యలో, అంటే ఎక్స్ = 0 దగ్గర, 1 కాస్తా 0.52 అయింది. ఎక్స్ = 3 దగ్గర 0.0067 మాత్రమే మిగిలింది. లాప్లాసియన్ ఒక్కటే ఉంటే రెండు చోట్లా 1 ఇంకా 1 గానే ఉండేది. తేడా అంతా ఇక్కడుంది.

రో అంటే ఏమిటో కూడా ఇందులోనే తెలిసిపోతుంది. ఎక్స్ దగ్గర వేడి ఆవిరి కావడానికి పట్టే కాలం సుమారు 1 బై ఎక్స్². అంత కాలంలో వేడి పాకే దూరం దాని వర్గమూలం, 1 బై ఎక్స్. ఎక్స్ = 10 దగ్గర రో సుమారు 0.1. ఇక ఆర్ వ్యాసార్ధం బంతిలో, ఇంటిగ్రల్ సున్నా కాని ఆటమ్ పెట్టారనుకోండి. దాని తోక ఆర్ నుంచి రో దాకా ఒకటి బై దూరంగా సాగుతుంది, రో దాటాక వి దాన్ని మింగేస్తుంది. కాబట్టి మాక్సిమల్ ఫంక్షన్ ఇంటిగ్రల్ సుమారుగా లాగ్(రో బై ఆర్).

మీ నాలుగు సంగతి ఇక్కడ తేలిపోతుంది. ఆర్ రోలో నాలుగో వంతైతే ఆ లాగ్ 1.39. నాలుగు బదులు వంద పెట్టుకున్నా 4.6. రెండూ స్థిరాంకాలే, స్పేస్ మారదు, నార్మ్ మాత్రం కాస్త పెరుగుతుంది. షరతును పూర్తిగా ఎత్తేస్తేనే కుదరదు. ఆర్ చిన్నదయ్యే కొద్దీ లాగ్ అంతూపొంతూ లేకుండా పెరుగుతుంది. అందుకే ఎక్కడో ఒకచోట గీత గీయాలి. వాళ్లు ప్రూఫ్‌లో బంతులు ఒకదాన్నొకటి కప్పే చోట సౌకర్యంగా ఉండేలా నాలుగు దగ్గర గీశారు.

నంబూరు:

మేడమ్, సార్ చెప్పినదానికి కర్నెల్‌తో (వై దగ్గరి వేడి టీ కాలంలో ఎక్స్‌కి ఎంత చేరుతుందో చెప్పే ప్రమేయంతో) ప్రూఫ్ జోడిస్తున్నా. నేను రీసెర్చ్ స్కాలర్‌ని, తంగవేలు గారు హెర్మైట్ ఎక్స్‌పాన్షన్ల మీద చేసిన పని చదువుతూ ఈ వైపు వచ్చాను.

మేలర్ ఫార్ములా ప్రకారం హెర్మైట్ హీట్ కర్నెల్‌లో ఘాతం రెండు ముక్కలు. ఒకటి మైనస్ నాలుగో వంతు టాన్‌హెచ్ టీ ఇంటూ (ఎక్స్ + వై)². రెండోది మైనస్ నాలుగో వంతు కాత్ టీ ఇంటూ (ఎక్స్ − వై)². ముందు గుణకం 2π ఇంటూ సైన్‌హెచ్ 2టీ వర్గమూలానికి విలోమం. మొదటి ముక్కను వదిలేయండి, వదిలేస్తే పైహద్దే వస్తుంది. కాత్ టీ 1 కంటే పెద్దది, 1 బై టీ కంటే కూడా పెద్దది. కాబట్టి ఆ రెండిటి సగటు కంటే కూడా పెద్దది. సైన్‌హెచ్ 2టీ ఎలాగూ 2టీ కంటే తక్కువ కాదు. ఇవి పెడితే కర్నెల్ ఈ పవర్ మైనస్ (ఎక్స్ − వై)² బై 8 దాటదు, దానికి మామూలు గాస్ తరహా పదం ఒకటి గుణకంగా ఉంటుంది. టీ మీద గరిష్ఠం తీసుకుంటే ఆ గుణకం 1 బై దూరం లాంటిది. మొత్తం ఇంటిగ్రల్ హాయిగా పరిమితం. సార్ చెప్పిన 0 నుంచి 1 ప్రమేయం మామూలు హెచ్1 లో లేదు, హెర్మైట్ హెచ్1 లో ఉంది. ఇంటిగ్రల్ 1 అయినా సరే.

దీన్నే అటు బీఎంఓ వైపు నుంచి కూడా చూడొచ్చు, అంటే బంతి సగటు నుంచి ఊగిసలాట హద్దులో ఉండే ప్రమేయాల స్పేస్, హెచ్1 కి డ్యూయల్. జాన్, నిరెన్‌బర్గ్ 1961 నాటి బీఎంఓలో స్థిర ప్రమేయాల నార్మ్ సున్నా, ఎందుకంటే హెచ్1 వాటిని చూడలేదు. వి ఉన్నప్పుడు రో కంటే పెద్ద బంతుల్లో సగటు తీసేయకుండా ప్రమేయం పరమ విలువ సగటునే కొలుస్తారు, కాబట్టి 1 కి నిజమైన నార్మ్ వస్తుంది. లాగ్ ఎక్స్ మామూలు బీఎంఓకి పెట్టింది పేరు. హెర్మైట్ బీఎంఓలో అది లేదు. దూరం పోయే కొద్దీ రో సైజు బంతుల్లో దాని సగటు పెరుగుతూనే ఉంటుంది మరి. సార్ లెక్కలో వచ్చిన లాగ్(రో బై ఆర్), ఇక్కడ బయటకు పోయిన లాగ్, రెండూ ఒకటే సంగతికి ఇటూ అటూ.

కొరిటెపాడు:

సార్, తమ్ముడూ, ఇద్దరికీ చాలా థాంక్స్. ఏ, బీ సమీకరణాలు నిన్న రాత్రే చేశాను. టాన్‌హెచ్ 2టీ వచ్చింది! ఇవాళ ఖాళీ పీరియడ్‌లో స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని లాగ్(రో బై ఆర్) అంచనా కూడా పూర్తి చేశాను. ప్రూఫ్‌లో ప్రతి లెమ్మా ఎందుకుందో ఇప్పుడు తెలుస్తోంది.

కానీ దీనివల్ల ఇంకో ప్రశ్న పుట్టింది. ఎక్స్² ప్రతిచోటా ఉంది, దూరంలో ఇంకా బలంగా ఉంది. అందుకే వేడి అంతా పోయింది. వి ఒక చిన్న బంతిలోనే ఉండి బయట పూర్తిగా సున్నా అయితే? మూడు డైమెన్షన్లలో అనుకుందాం. దూరాన నిలబడితే వేడి కారిపోయే చోటే లేదు. అప్పుడు ఇంటిగ్రల్ సున్నా షరతు మళ్లీ రావాలి కదా? వస్తే దగ్గరలో మాత్రం ఎందుకు వదిలేయాలి? ఈ వి రివర్స్ హోల్డర్ పాటించదు కాబట్టి నా దగ్గరున్న పేపర్ ఇక్కడ పనికిరాదు.

సత్యనారాయణపురం:

అమ్మా, ఈ ప్రశ్న మీకే తట్టిందంటే ఆ సెమినార్ మాట గురించి మీరిక బెంగ పెట్టుకోనక్కర్లేదు. దీనికి జవాబు కూడా జుబాన్‌స్కి, జెన్‌కెవిచ్‌లే 2005 లో ఇచ్చారు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చే లెక్క ఇదే, పూర్తిగా చేసి చూపిస్తాను.

మూడు డైమెన్షన్లు. వి, 1 వ్యాసార్ధం బంతిలో 1, బయట సున్నా. మళ్లీ మొదటి ఉష్ణోగ్రత అంతటా 1 పెట్టి, టీని అనంతానికి పోనివ్వండి. హెర్మైట్‌లో సున్నా అయిపోయింది. ఇక్కడ కాదు. మూడు డైమెన్షన్లలో వేడి బంతిని తప్పించుకుని అనంతానికి పోగలదు, కాబట్టి కొంత మిగులుతుంది. మిగిలిన ప్రమేయాన్ని డబ్ల్యూ అందాం. అది ఇక మారదు కనుక, లాప్లాసియన్ డబ్ల్యూ = వి ఇంటూ డబ్ల్యూ.

కేంద్రం నుంచి దూరం ఆర్ అనుకుంటే, లోపల పరిష్కారం సీ ఇంటూ సైన్‌హెచ్ ఆర్ బై ఆర్. బయట 1 మైనస్ డీ బై ఆర్, దూరాన 1 కావాలి కాబట్టి. ఆర్ = 1 దగ్గర విలువా కలవాలి, వాలూ కలవాలి. విలువ కలిస్తే సీ సైన్‌హెచ్ 1 = 1 − డీ. వాలు కలిస్తే సీ ఇంటూ (కాష్ 1 − సైన్‌హెచ్ 1) = డీ. రెండూ కూడండి. సీ కాష్ 1 = 1. కేంద్రం దగ్గర డబ్ల్యూ విలువ 1 బై కాష్ 1, అంటే 0.648. డీ విలువ 1 మైనస్ టాన్‌హెచ్ 1, అంటే 0.238. బయటికి పోయే కొద్దీ డబ్ల్యూ 1 దగ్గరకు చేరుతుంది.

వాళ్ల థీరమ్ ఏమిటంటే, ఎఫ్ ఈ ఆపరేటర్ తాలూకు హెచ్1 లో ఉండాలంటే ఎఫ్ ఇంటూ డబ్ల్యూ మామూలు హెచ్1 లో ఉండాలి, ఉంటే చాలు. అంటే షరతు పోలేదు, రూపం మార్చుకుంది. ఎఫ్ ఇంటిగ్రల్ సున్నా కాదు, ఎఫ్ ఇంటూ డబ్ల్యూ ఇంటిగ్రల్ సున్నా. కేంద్రం దగ్గరి భాగానికి 0.648 బరువు, దూరాన ఉన్నదానికి దాదాపు పూర్తి బరువు. దగ్గరలో కూడా షరతు వదిలేది లేదు, మీ అనుమానం సరైనదే.

ఇప్పుడు మూడు కేసులూ పక్కపక్కన పెట్టండి. వేడి ప్రవాహం కదిలించలేని, పరిమితమైన ప్రమేయం ఉందా అని ఆపరేటర్‌ని అడగాలి. లాప్లాసియన్‌కి అది 1, అందుకే ఇంటిగ్రల్ సున్నా. చిన్న బంతిలోని వి కి అది డబ్ల్యూ. హెర్మైట్‌కి అలాంటిది లేనే లేదు, అందుకే పెద్ద బంతుల్లో షరతు కూడా లేదు. ఇంటిగ్రల్ సున్నా అన్నది మన పాత హెచ్1 సొత్తనుకుంటాం. నిజానికి అది లాప్లాసియన్ సొత్తు. పాత థీరమ్‌లో ఆపరేటర్ కనపడకుండా దాక్కుని ఉంది, మార్చి చూస్తే గానీ బయటపడలేదు. ఆపరేటర్ మార్చడం వల్ల దక్కింది ఇది. దీన్ని సరుకు లేని పని అంటే నేనొప్పుకోను.

నంబూరు:

అక్కా, సార్ చివర్లో చెప్పిన మాటతో తర్వాత వచ్చిన నిర్వచనాలు కూడా అర్థమవుతాయి. హాఫ్‌మన్, మయబొరోదా 2009 లో చేసిన పనిలో ఆటమ్ బదులు మాలిక్యూల్ ఉంటుంది. ఇంటిగ్రల్ ప్రస్తావనే తేరు. ప్రమేయం ఎల్ పవర్ ఎమ్ ఇంటూ బీ రూపంలో ఉండాలి (ఎల్ అంటే ఆపరేటర్, బీ ఇంకో ప్రమేయం), ఆ బీకి సైజు హద్దులు ఉండాలి అంటారు, అంతే. నేను మొదటిసారి చదివినప్పుడు ఇది గాల్లోంచి ఊడిపడ్డట్టు అనిపించింది. కానీ చూడండి, ఎల్ బీ ఇంటూ డబ్ల్యూ ఇంటిగ్రేట్ చేస్తే, మన ష్రోడింగర్ ఆపరేటర్లలో ఎల్‌ని అటువైపు తోసేయొచ్చు. ఎల్ డబ్ల్యూ సున్నా. షరతు దానంతట అదే వచ్చేస్తుంది. హెర్మైట్‌లో అయితే ఎల్ అత్యల్ప ఐగెన్ విలువ 1, సున్నా దగ్గర ఏమీ లేదు. 0 నుంచి 1 ప్రమేయాన్ని ఎల్ బీగా రాయడానికి అడ్డే లేదు, ఆ బీ దూరంలో వేగంగా తగ్గిపోతుంది కూడా.

వాళ్లు అలా ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, వాళ్ల ఎల్ డైవర్జెన్స్ రూపంలో ఉంటుంది, గుణకాలు కాంప్లెక్స్, నునుపు అసలు లేదు. కాటో వర్గమూలం సమస్య, అంటే ఆపరేటర్ వర్గమూలాన్ని గ్రేడియంట్‌తో కొలవగలమా అన్న ప్రశ్న, ఇలాంటి ఆపరేటర్ల గురించే. ఓషేర్, హాఫ్‌మన్, లేసీ, మెకింటోష్, చమిచియన్ కలిసి దాన్ని పూర్తిగా తేల్చిన పేపర్ 2002 లో వచ్చింది. గుణకాలు రియల్ అయితే హీట్ కర్నెల్‌కి గాస్ తరహా హద్దు ఉంటుంది, ఇది ఆరన్‌సన్ 1967 ఫలితం. అక్కడ ఎల్ హెచ్1, మామూలు హెచ్1 ఒకటే. సెమినార్ పెద్దాయన మాట అలాంటి చోట కొంత నిజమే, ఆపరేటర్ మారినా స్పేస్ మారలేదు. కాంప్లెక్స్ అయి, డైమెన్షన్ 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఆ హద్దు తప్పే ఉదాహరణలున్నాయి. అక్కడ బిందువు బిందువుకీ అంచనా వేయడం కుదరదు. ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి ఎంత శక్తి చేరిందన్న అంచనాతోనే బండి నడపాలి.

మీ పేపర్‌కి దగ్గర్లో ఇంకోటి ఉంది. షెన్ 1995 లో రీస్ ట్రాన్స్‌ఫామ్ (అవకలనాన్ని ఆపరేటర్ వర్గమూలంతో భాగించినట్టుండే పరివర్తన) మీద చేసిన పని. మూడు డైమెన్షన్లలో వి రివర్స్ హోల్డర్ ఘాతం 2 అయితే, రీస్ ట్రాన్స్‌ఫామ్ ఎల్పీ (పరమ విలువ పీ ఘాతానికి ఇంటిగ్రల్ పరిమితంగా ఉండే ప్రమేయాల స్పేస్) మీద బౌండెడ్ అని హామీ పీ = 6 దాకానే. మామూలు లాప్లాసియన్‌కి 1 కి, అనంతానికి మధ్య ఏ పీ అయినా ఫర్వాలేదు. పాత థీరమ్ కాపీ అయితే 6 దగ్గర ఎందుకు ఆగుతుంది?

కొరిటెపాడు:

సార్, డబ్ల్యూ లెక్క నేను కూడా చేశాను, 0.648 సరిపోయింది. మా గైడ్ గారికి ఫోన్‌లో చెబితే థీసిస్ మొదటి చాప్టర్‌లో ఈ మూడు కేసులూ పక్కపక్కన పెట్టమన్నారు. చాలా ధైర్యం వచ్చింది. చివరగా ఒక్కటి. రెండు డైమెన్షన్లలో ఇదే లెక్క మొదలుపెడితే బయటి పరిష్కారం దగ్గర ఇరుక్కుంది. 1 మైనస్ డీ బై ఆర్ రావడం లేదు.

సత్యనారాయణపురం:

రాదమ్మా. రెండు డైమెన్షన్లలో బయటి పరిష్కారం ఒక స్థిరాంకం ప్లస్ కె ఇంటూ లాగ్ ఆర్. లోపలి నుంచి వచ్చే పరిష్కారానికి వాలు ధనాత్మకం, కాబట్టి కె సున్నా కాలేదు, బయట లాగ్ పెరుగుతూనే ఉంటుంది. పరిమితమైన డబ్ల్యూ లేదు. వేడి పరంగా చెప్పాలంటే, రెండు డైమెన్షన్లలో వేడి ఎంత దూరం పోయినా మళ్లీ మళ్లీ ఆ బంతి దగ్గరకే వస్తుంది, వచ్చినప్పుడల్లా కొంత పోతుంది, చివరికి మిగిలేది సున్నా. అయితే చాలా మెల్లగా పోతుంది, హెర్మైట్‌లా టకీమని పోదు. కాబట్టి హెర్మైట్ ఆటమ్‌లూ ఇక్కడ సరిపోవు, మూడు డైమెన్షన్ల థీరమ్ కూడా సరిపోదు. మీ చాప్టర్‌లో డైమెన్షన్ 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ అని మొదటి లైన్‌లోనే రాయండి. ఈ రెండు డైమెన్షన్ల కేసును విడిగా ఒక సెక్షన్‌గా పెట్టి, పెరిగే ఆ లాగ్ పరిష్కారాన్నే డబ్ల్యూ స్థానంలో పెట్టి ఏమవుతుందో చూడండి. లోపలి భాగానికి సైన్‌హెచ్ బదులు బెస్సెల్ ఐ జీరో వస్తుంది. ఆర్ = 1 దగ్గర విలువ, వాలు కలిపితే కె దొరుకుతుంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి.